స్లాట్.ఇట్ పోర్షే 962సి తెల్ల కిట్: మోటారు మార్చకండి, వెనక ఇరుసు చూడండి

ట్రాకులో తవ్విన గాడి వెంట కరెంటుతో పరిగెత్తే బొమ్మ కార్లను, చేతిలోని ట్రిగ్గర్‌తో స్పీడు మారుస్తూ నడిపే పోటీయే స్లాట్ రేసింగ్. ఈ కిట్ దానికోసమే. ముందే తీర్పు చెప్పేస్తున్నాం. 1/32 సైజులో (అసలు కారులో 32వ వంతు) పాతకాలపు లె మాన్స్ (ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేసు) కార్ల తరగతిలో పోటీకి దిగాలనుకునేవాళ్ళకు మొదటి కారుగా ఇది కొనదగ్గదే. కిట్ బిగించి నేరుగా ట్రాక్ మీద పెట్టినా నున్నగానే పోతుంది. బాగానే పోతోంది కదా అని చాలామంది వెనక ఇరుసు జోలికే పోరు. ఇంకాస్త స్పీడు కావాలనిపించగానే పెద్ద మోటారు కొంటారు. అక్కణ్ణుంచి కారు మలుపు మలుపుకీ గాడి తప్పుతుంటే తప్పు టైర్లదనుకుని టైర్లు కొంటారు, ఆ తర్వాత సస్పెన్షన్ కొంటారు. ఆ డబ్బుతో ఇంకో కిట్టే వచ్చేది. ఈ కారులో దొరికే లాభమంతా మూడు చోట్ల ఉంది: వెనక ఇరుసు, వెనక టైర్లు, గైడ్ (కారు ముక్కు కింద గాడిలోకి దిగే ఫలకం). మూడింటికీ కావలసింది డబ్బు కాదు, ఒక ఆదివారం.

రెట్రో స్లాట్ రేసింగ్, అంటే పాతకాలపు కార్ల పోటీ, అనే మాట అన్నిచోట్లా ఒకే అర్థంలో వాడరు. అమెరికాలో ఆ పేరు చెబితే ఎక్కువగా గుర్తొచ్చేవి ఇత్తడి పట్టీలు, పియానో తీగలు టంకం పెట్టి చేతితో కట్టే 1/24 సైజు కారు అడుగు చట్రాలు, అంటే చాసిస్‌లు. వాటికి జిగ్గు (ముక్కలను కదలకుండా పట్టే పలక), మంచి సోల్డరింగ్ ఐరన్, ఆసిడ్ ఫ్లక్స్ (టంకం అంటుకునేలా చేసే మందు) కావాలి. అదో వేరే చదువు. ఇక్కడ మాట్లాడుతున్నది 1/32 ప్లాస్టిక్ చాసిస్ కార్ల గురించి, అందులోనూ 1982లో మొదలైన గ్రూప్ సి అనే అసలు రేసు కార్ల తరగతి కాలం నాటి కార్ల గురించి.

స్లాట్.ఇట్ ఇటలీలోని రెజ్జో ఎమీలియాకు చెందిన కంపెనీ. పోర్షే 956, 962 రెండూ చేస్తుంది. తెల్ల కిట్ అంటే రంగు వెయ్యని బాడీ, విడి భాగాలుగా రెక్క, లైట్లు, కాక్‌పిట్, కింద చాసిస్, మోటారు, గేర్లు, చక్రాలు. రంగు వేసి అమ్మే కారుకూ యంత్రభాగం ఇదే పద్ధతిలో ఉంటుంది కాబట్టి కింద చెప్పేవన్నీ దానికీ వర్తిస్తాయి. ఇండియాకు తెప్పించుకునేవాళ్ళు కొరియరు, కస్టమ్స్ డ్యూటీ కలుపుకుని లెక్క చూసుకోవాలి. అందుకే కిట్‌తోపాటే రెండు జతల వెనక టైర్లు, ఒక గైడ్, బ్రెయిడ్లు (గైడ్ కింద ఉండి ట్రాకు నుంచి కరెంటు అందుకునే లోహపు అల్లికలు), ఒక క్రౌన్ గేరు (వెనక ఇరుసు మీది పెద్ద పళ్ళ చక్రం) ఒకే పార్సిల్లో తెప్పించుకోండి. తర్వాత విడిగా ఒక్క గైడ్ తెప్పించుకుంటే గైడ్ ధర కన్నా రవాణా ఖర్చే ఎక్కువవుతుంది.

956 కొనాలా, 962 కొనాలా? అసలు కార్ల కథ ఇక్కడ పనికొస్తుంది. 956లో ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2,650 మి.మీ. డ్రైవరు పాదాలు ముందు ఇరుసుకు వెనకే ఉండాలని అమెరికాలో కార్ల రేసులు నడిపే సంస్థ ఐఎంఎస్‌ఏ నిబంధన. దానికి సరిపడేలా ముందు చక్రాలను ముందుకు జరిపి 2,770 మి.మీ. దూరంతో 1984లో పోర్షే 962 తెచ్చింది. గ్రూప్ సి కోసం చేసిన 962సి ఆ తర్వాతి ఏడాది వచ్చి 1986, 1987 లె మాన్స్ గెలిచింది. రెండు అంకెల్నీ 32తో భాగిస్తే 82.8, 86.6 వస్తాయి. అంటే బొమ్మ కారులో ముందు ఇరుసు దాదాపు 4 మి.మీ. ముందుకు, గైడ్ వైపుకు జరిగింది. ముందు చక్రాల ఎత్తు సరిగ్గా కుదిరితే ఆ 4 మి.మీ. మలుపులో కారును నిబ్బరంగా నిలబెడుతుంది. కుదరకపోతే గైడ్‌ను గాడిలోంచి లేపేది కూడా ఆ ముందు చక్రాలే. ఓపిక ఉన్నవాళ్ళకు 962 మంచిది.

మోటారు పేరు వీ12/3, వెనక మూత నారింజ రంగు. 12 వోల్టుల దగ్గర 21,500 ఆర్‌పీఎం, 170 గ్రాము-సెంటీమీటర్ల టార్కు (తిప్పే బలం) అని కంపెనీ లెక్క. మోటారు షాఫ్టు మీది చిన్న గేరు అయిన పినియన్‌కు 9 పళ్ళు, క్రౌన్‌కు 28, అంటే 3.11 నిష్పత్తి. 19 మి.మీ. టైరుతో లెక్కేస్తే, ఏ లోడూ లేనప్పుడు సెకనుకు 6.9 మీటర్లు. క్లబ్బు ట్రాకుల్లో ఆ స్పీడును నిజంగా అందుకునే తిన్నటి దారి ఒకటో రెండో ఉంటాయి. అంతకన్నా పెద్ద మోటారు వేస్తే ఆ ఒక్క చోట సెకనులో పదో వంతు మిగులుతుంది, మిగతా ప్రతి మలుపులోనూ అంతకంత పోతుంది. మోటారు నిలువుగా, అంటే కారు పొడవునా ఉంటుంది. ఈ అమరికలో ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా మోటారు తన చుట్టూ తాను మెలితిరగబోయి ఒక వెనక చక్రాన్ని కిందికి నొక్కి రెండోదాన్ని తేలిక చేస్తుంది. ఎడమ మలుపులో బాగుండి కుడి మలుపులో జారే కార్లకు కారణం చాలాసార్లు ఇదే. మోటారు పెద్దదైతే ఈ మెలికా పెద్దదే అవుతుంది.

కొత్త మోటారును 3 వోల్టుల మీద అరగంట ఖాళీగా తిప్పండి. బ్రష్షులు కమ్యుటేటర్ (వాటి నుంచి కరెంటు అందుకుంటూ తిరిగే రాగి భాగం) గుండ్రానికి ఒదుగుతాయి. తర్వాత మోటారు షాఫ్టు తిరిగే రెండు బుష్షులకూ (చిన్న లోహపు గూళ్ళకు) సూదిమొనతో ఒక్కొక్క చుక్క నూనె. చుక్క అంటే చుక్కే. ఎక్కువైన నూనె కమ్యుటేటర్ మీదికి పాకి మసి కట్టి మోటారును మందగింపజేస్తుంది.

అయస్కాంతం తీసేయండి

చాసిస్ కింద ఉండే అయస్కాంతం ప్లాస్టిక్ ట్రాకుల ఉక్కు పట్టాలను పట్టుకుని కారును అతికించి ఉంచుతుంది. పోటీ క్లబ్బుల్లో చాలావరకు దాన్ని ఒప్పుకోరు. చెక్క ట్రాకు మీద రాగి టేపో, రాగి బ్రెయిడో ఉంటుంది కాబట్టి దానితో పనే లేదు. తీసేశాక కారు సగం స్పీడుకే జారిపోతుంటే కంగారు పడకండి. ఇన్నాళ్ళూ అయస్కాంతం కప్పిపెట్టిన తప్పులు ఇప్పుడు బయటపడుతున్నాయంతే. ఇంకో సంగతి: ఉక్కు పట్టాల మీద మోటారు లోపలి అయస్కాంతాల లాగుడు కూడా కొంచెం పనిచేస్తుంది. అందుకే ప్లాస్టిక్ ట్రాకు మీద చక్కగా కుదిరిన కారు చెక్క ట్రాకు మీదికి వచ్చేసరికి వెనక తేలికైనట్టు అనిపిస్తుంది.

తర్వాత చాసిస్‌ను ఒట్టిగా అద్దం మీద పెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కి చూడండి. ఎక్కడైనా టక్కుమంటే వంకర ఉన్నట్టే. సన్నటి ప్లాస్టిక్ చాసిస్ ఏ కంపెనీదైనా ఈ పరీక్ష తప్పదు. పొగలు కక్కే వేడినీళ్ళలో, మరిగేవాటిలో కాదు, ఒక నిమిషం ఉంచి, రెండు అద్దాల మధ్య బరువు పెట్టి పూర్తిగా చల్లారనివ్వండి. చేత్తో వంచి సరిచేస్తే రెండు రోజుల్లో మళ్ళీ పాత వంకరకే వస్తుంది.

వెనక ఇరుసు

సగం రేసు ఇక్కడే ఉంది, నిదానంగా చెయ్యండి.

చక్రాలు, క్రౌన్ విప్పి ఇరుసును బయటికి తీయండి. 2.38 మి.మీ. ఉక్కు కడ్డీ అది. అద్దం మీద దొర్లించి కింద వెలుతురు గీత చూడండి. గీత తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే ఇరుసు వంగినట్టు. దాన్ని సరిచేయడానికి కూర్చోవద్దు, మార్చేయండి. గేరు, చక్రాలు పట్టుకునే ఎం2 స్క్రూలకు 0.95 మి.మీ. అలెన్ కీ కావాలి. మంచిది కొనండి. మొన అరిగిన కీతో ఒక్కసారి గట్టిగా తిప్పితే స్క్రూ గుంట గుండ్రమైపోతుంది, ఇక ఆ చక్రం ఊడదు.

మోటారునూ వెనక ఇరుసునూ పట్టుకునే చట్రం పేరు మోటారు పాడ్. అందులో ఇరుసు బుష్షులు కూర్చునే గుంటల్లో పిసరంత లూజు ఉంటుంది. చేతిలో తెలియదు, ట్రాకు మీద తెలుస్తుంది: మలుపు మధ్యలో వెనక భాగం గడగడలాడుతుంది. ఇరుసుకు నూనె పూసి రెండు బుష్షుల్లోంచి దూర్చి, పాడ్‌ను నిలువుగా పట్టుకోండి. ఇరుసు తన బరువుకు తానే జారి కిందికి రావాలి. మధ్యలో ఆగితే బుష్షులు ఒకే గీతలో లేవు. వాటిని గుంటల్లో కొద్దికొద్దిగా తిప్పుతూ ఇరుసు స్వేచ్ఛగా జారే చోటు పట్టుకోండి. అది దొరికాక బుష్షు బయటి అంచుకూ పాడ్‌కూ మధ్య సూదిమొనతో ఫెవిక్విక్ తాకించండి. ఇరుసు లోపలే ఉండాలి, దాని మీది నూనె జిగురును అంటుకోనివ్వదు. ఐదు నిమిషాలాగి ఇరుసును తిప్పి చూసి రెండోవైపు చెయ్యండి. ట్యూబుతో నేరుగా పిండితే జిగురు బుష్షులోకి పీల్చుకుపోయి పాడే పోతుంది.

మోటారు కూడా పాడ్‌లో కదలకూడదు. కదిలితే ఎంత జాగ్రత్తగా పెట్టిన గేరైనా రెండో రేసుకే అరుస్తుంది. రెండువైపులా జిగురు చుక్క చాలు. రేపు మోటారు ఊడదీయాలి కాబట్టి ఒకటి చాలన్నచోట మూడు వెయ్యొద్దు.

ఇప్పుడు గేరు. నిలువు మోటారులో పినియన్ క్రౌన్‌ను పక్కకి తోస్తూ ఉంటుంది. అంటే బ్రేకు వేసినప్పుడు ఒక తీరుగా, ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఇంకో తీరుగా ఇరుసు పక్కలకు జరగాలని చూస్తుంది. ఇరుసుకు పక్కకి ఆడే చోటు ఎక్కువుంటే గేరు పళ్ళ కలయిక ప్రతి మలుపులోనూ మారిపోతుంది. వాషర్లతో ఆ ఆటను 0.1 నుంచి 0.2 మి.మీ.కు తేవాలి. అసలు లేకుండా బిగిస్తే ఇరుసు వేడెక్కినప్పుడు పట్టేస్తుంది. పినియన్ కొన ఇరుసుకు తగలకూడదు. పళ్ళ మధ్య సందు చూడటానికి మోటారు షాఫ్టును కదలకుండా పట్టుకుని వెనక చక్రాన్ని వేలితో అటూ ఇటూ ఆడించండి: వినీ వినపడని ఒక చిన్న టిక్కు రావాలి. టిక్కు రాకపోతే బిగుతు, చక్రం స్పష్టంగా కదిలితే లూజు. క్రౌన్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పి నాలుగు చోట్ల చూడాలి, ఎందుకంటే క్రౌన్ తిన్నగా కూర్చోకపోతే ఒకచోట బిగుతు, ఎదురుచోట లూజు ఉంటుంది. అలాంటప్పుడు స్క్రూ వదులుచేసి, క్రౌన్‌ను ఇరుసు మీద పావు చుట్టు తిప్పి మళ్ళీ బిగించండి.

3 వోల్టుల దగ్గర చెవి పెట్టి వినండి. కీచుమంటే బిగుతు. కటకటమంటే లూజు. సరిగ్గా కుదిరిన గేరు మిక్సీ దూరంగా తిరుగుతున్నట్టు ఒకే స్వరంలో ఉంటుంది. పళ్ళకు టూత్‌పేస్టు రాసి పది నిమిషాలు తిప్పి పళ్ళు నునుపు చేసే పద్ధతి చాలామందికి ఇష్టం. పనిచేస్తుంది, కానీ తర్వాత బ్రష్షుతో పూర్తిగా కడగకపోతే ఆ పేస్టే బుష్షులను తినేస్తుంది. లూజు గేరుకు పేస్టు మందు కాదు.

టైర్లు: 0.7 మిల్లీమీటర్ల లెక్క

వెనక రిమ్ము 15.8 మి.మీ. వ్యాసం, 8.2 వెడల్పు, అల్యూమినియం. టైరును రిమ్ముకు అతికించకుండా పరిగెత్తించేవాళ్ళు ఉన్నారు. అలా అయితే మలుపులో రబ్బరు రిమ్ము మీద మెలితిరిగి వెనక్కి తన్నుతుంది. రిమ్ము పైభాగాన్ని 400 వాటర్ పేపరుతో గరుకు చేసి, స్పిరిట్‌తో తుడిచి, రబ్బరు జిగురు పల్చగా రాసి టైరు ఎక్కించి, చుట్టూ తిప్పి మధ్యకు సర్ది రాత్రంతా వదిలేయండి. ఫెవిక్విక్ కూడా పడుతుంది కానీ సర్దుకోవడానికి సమయమివ్వదు. ఒకవైపు ఉబ్బిన టైరును తర్వాత ఎంత అరగదీసినా కుదరదు.

అరగదీయడం కారుకు బిగించిన చక్రంతోనే చెయ్యాలి, ఎందుకంటే అప్పుడు ఇరుసుకు, బుష్షుకు ఉన్న చిన్న చిన్న వంకరలు కూడా టైరు గుండ్రంలో కలిసిపోతాయి. చదునైన బల్ల మీద 240 పేపరు అతికించి, మోటారుకు 5 వోల్టులు ఇచ్చి, వెనక టైర్లను పేపరు మీద ఆనీ ఆననట్టు పెట్టండి. పది సెకన్లు, విరామం, మళ్ళీ పది సెకన్లు. రబ్బరు వేడెక్కితే ఉబ్బుతుంది, ఉబ్బినప్పుడు గుండ్రంగా కనిపించినది చల్లారాక కోడిగుడ్డులా ఉంటుంది. ఎంతవరకు వచ్చిందో తెలియడానికి టైరు అడ్డంగా మార్కరుతో ఎనిమిది గీతలు గీయండి. ఎనిమిదీ మొత్తం వెడల్పునా ఒకేసారి చెరిగిపోతే టైరు కుదిరినట్టు. లోపలి అంచులో గీత మిగిలి బయట చెరిగితే కారు పేపరు మీద వాలి ఉంది. ఆ తర్వాత 400, చివర్లో తడిపిన 600. బయటి అంచును అర మిల్లీమీటరు గుండ్రం చెయ్యండి. పదునైన అంచు మలుపులో ట్రాకును కొరికి కారును పల్టీ కొట్టిస్తుంది.

రెండు టైర్ల వ్యాసం కాలిపర్‌తో కొలిస్తే 0.05 మి.మీ.లోపే తేడా ఉండాలి. ఇరుసు ఒకటే కాబట్టి రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. ఒకటి పెద్దదైతే కారు తిన్నటి దారిలోనూ గైడ్‌ను ఒక పక్కకి రాస్తూ పోతుంది.

చాలామంది వదిలేసే లెక్క ఒకటుంది. 19 మి.మీ. టైరును 18.3కి దించితే గేరు నిష్పత్తి దాదాపు ఒక పన్ను మారినట్టే. అంటే 18.3 టైరుకు 28 క్రౌన్ తీసి 27 వేస్తే తిన్నటి దారిలో మళ్ళీ మొదటి స్పీడే వస్తుంది, పైగా కారు వెనక భాగం 0.35 మి.మీ. కిందికి దిగింది. ఆ దిగుడు ఉత్త లాభం. అందుకే క్రౌన్ 27 ఒకటి పెట్టెలో ఉంచమనేది. ఇంకా దించాలనుకునేవాళ్ళకు ఇరుసు, మోటారు షాఫ్టు మధ్య ఎత్తు తేడా 0.5, 1.0 మి.మీ. ఉన్న పాడ్లు విడిగా దొరుకుతాయి. కానీ చాసిస్ నేలకు ఎంత ఎత్తులో ఉండాలో ప్రతి క్లబ్బుకూ ఓ నిబంధన ఉంటుంది. పాడ్ కొనే ముందు అది చదవండి.

రబ్బరు విషయానికొస్తే చెక్క ట్రాకుకు కంపెనీవాళ్ళ ఎన్22 రకం రబ్బరు మంచి మొదలు. టైర్లకు నూనెలు, మందులు పూయడం చాలా క్లబ్బుల్లో నిషేధం, ఒప్పుకున్నచోట కూడా టైరు త్వరగా మెత్తబడి గుండ్రం తప్పుతుంది. శుభ్రం చెయ్యడానికి టేపు జిగురువైపు పైకి పెట్టి దాని మీద చక్రాలు తిప్పితే చాలు.

ముందు చక్రాలు, గైడ్

ముందు టైర్లకు పట్టు ఉండకూడదు. పట్టున్న ముందు టైరు మలుపులో ట్రాకును గీరుతూ గైడ్‌ను పైకి నెడుతుంది. పట్టు లేని టైర్లు విడిగా అమ్ముతారు, లేదా ఉన్నవాటిని గుండ్రంగా అరగదీసి రెండు పూతల పారదర్శక నెయిల్ పాలిష్ వేస్తే అదే పని జరుగుతుంది. ముందు రిమ్ములు ప్లాస్టిక్‌వి. అచ్చులో పోసిన ఏ ప్లాస్టిక్ రిమ్మూ నూటికి నూరుపాళ్ళు గుండ్రం కాదు కాబట్టి టైరుతో కలిపి అరగదీయక తప్పదు.

ఎత్తు కుదర్చడం అద్దం మీద. అంచుకు దగ్గరగా పెట్టి, గైడ్ ఫలకం అద్దం పక్కనుంచి కిందికి దిగేలా, బ్రెయిడ్లు అద్దం మీద ఆనేలా ఉంచండి. ముందు టైర్లు వేలితో తోస్తే తిరగాలి, కానీ కింద ఒక సిగరెట్ కాగితం మాత్రమే దూరాలి. అంతకన్నా కిందికి ఉంటే గైడ్ తేలుతుంది, మలుపు మొదట్లోనే కారు గాడి తప్పుతుంది. పైకి ఉంటే మలుపులో కారు బయటివైపుకు వాలి వాలి పల్టీ కొడుతుంది. ఎత్తు సవరించే స్క్రూలున్న చాసిస్ అయితే పైనా కిందా నుంచి బిగించి ఇరుసును కదలకుండా చెయ్యొచ్చు. లేకపోతే ఇరుసు గూడులో సన్నటి ప్లాస్టిక్ ముక్క అతికించడమే.

చెక్క ట్రాకుకు లోతైన గైడ్ కావాలి, ప్లాస్టిక్ ట్రాకు గాడిలో అది అడుగు తగులుతుంది. రెండు రకాల ట్రాకుల మీదా పోటీ చేసేవాళ్ళు రెండు గైడ్లూ ఉంచుకోవాల్సిందే. బ్రెయిడ్ల విషయంలో ఒకటే తప్పు అందరూ చేస్తారు: కరెంటు బాగా తగలాలని కిందికి గట్టిగా వంచుతారు. అలా చేస్తే బ్రెయిడ్లే స్ప్రింగులై కారు ముక్కును లేపుతాయి. చివరి మూడో వంతు మాత్రం తేలిగ్గా ఆనాలి. గైడ్‌ను ఒక పక్కకి తిప్పి వదిలితే తీగలు దాన్ని మళ్ళీ మధ్యకు తేవాలి, ఒకవైపుకే లాగకూడదు. బిరుసు తీగలైతే మార్చేసి సిలికాన్ తొడుగు ఉన్న మెత్తటివి వెయ్యండి.

లూజు ఎక్కడ, ఎంత

ఈ కారులో మోటారు పాడ్ చాసిస్‌కు విడిగా స్క్రూలతో బిగుస్తుంది, బాడీ కూడా స్క్రూలతోనే. అన్నీ పూర్తిగా బిగిస్తే కారు రాయిలా ఉండి, ట్రాకు అతుకుల దగ్గర ఎగిరిపడుతుంది. పాడ్ స్క్రూలను పూర్తిగా బిగించి అర చుట్టు వెనక్కి తిప్పండి, బాడీ స్క్రూలను ముప్పావు చుట్టు. ఇది మొదటి కొలత మాత్రమే, ట్రాకు చూసి పావు చుట్టు అటూ ఇటూ. చాసిస్, బాడీ అంచులు ఎక్కడ రాసుకుంటున్నాయో వెలుతురుకెదురుగా పట్టుకుని చూసి, చాసిస్ అంచును 0.3 మి.మీ. దాకా ఆకురాయితో తగ్గించండి. ఈ పని చెయ్యకుండా స్క్రూలు ఎంత వదులు చేసినా బాడీ కదలదు. వదులుగా ఉన్న స్క్రూలు రేసు మధ్యలో ఊడిపోకుండా తలల మీద చిన్న టేపు ముక్క వెయ్యండి.

స్ప్రింగు సస్పెన్షన్లు, అయస్కాంత సస్పెన్షన్లు కూడా ఇదే కంపెనీ అమ్ముతుంది. ఎగుడుదిగుడు ట్రాకుల మీద వాటికి విలువుంది. పైన చెప్పినవి కుదరకముందే అవి వేస్తే ఏ తప్పు ఎక్కడిదో ఇక కనిపెట్టలేరు.

బాడీ, రంగు, బరువు

పైన ఉండే ప్రతి గ్రామూ మలుపులో శత్రువే. ప్లాస్టిక్ కాక్‌పిట్ తీసి పల్చటి లెక్సాన్‌ది (తేలికైన ప్లాస్టిక్ రేకుతో చేసినది) వెయ్యడం ఈ కారుకు డబ్బు పెట్టి కొనదగ్గ ఒకే ఒక అదనపు సామాను. రంగు వెయ్యకముందు, వేశాక బాడీని 0.1 గ్రాము చూపించే కంసాలి కాటా మీద తూయండి. ప్రైమరు, రంగు, డెకాల్స్ (అంటించే బొమ్మలు, అంకెలు), పైపూత అన్నీ కలిపి 2 గ్రాములు దాటకూడదు. పైపూత ఒకేసారి తడిగా కొడితే డెకాల్స్ ముడతలు పడతాయి. మంచు కురిసినట్టు రెండు పొడి పూతలు వేసి, ఆరాకే మూడోది కొట్టాలి. స్క్రూలు దిగే స్తంభాల్లోకి రంగు పోనివ్వొద్దు.

వెనక రెక్కను ఫెవిక్విక్‌తో అతికిస్తే మొదటి పల్టీకే విరిగి వస్తుంది, ఎందుకంటే అది ఆరాక గాజులా పెళుసు. వంగే గుణమున్న రబ్బరు జిగురు వాడితే రెక్క వంగి మళ్ళీ నిలబడుతుంది. కొన్ని క్లబ్బుల్లో రెక్క లేని కారును రేసు ముగింపులో లెక్కలోకి తీసుకోరు, అది గుర్తుంచుకోండి.

బరువు కోసం సీసం రేకు అతికించడం చివరి పని. కారును గైడ్, వెనక చక్రాలు విడివిడిగా కాటా మీద పెట్టి తూస్తే వెనక 60 శాతం చుట్టుపక్కల ఉండాలి. ట్రిగ్గర్ నొక్కగానే ముక్కు లేస్తే గైడ్ వెనకే 2 గ్రాములు. వెనక జారితే మోటారుకు రెండు పక్కలా, చాసిస్ మీదే, సమానంగా. బాడీకి ఎప్పుడూ అతికించొద్దు. 10 గ్రాములు దాటినా కారు కుదురుగా ఉండకపోతే తప్పు బరువులో లేదు, వెనక్కి వెళ్ళి టైర్లు చూడండి.

ట్రాకు మీద

అయస్కాంతం లేని ఈ కారుకు 45 ఓముల కంట్రోలర్ (చేతిలో పట్టుకునే ట్రిగ్గర్ పరికరం) సరిపోతుంది. తక్కువ ఓములది వాడితే ట్రిగ్గర్ మొదట్లోనే కారు ఎగిరిపడుతుంది. తప్పు కనిపెట్టడానికి ట్రాకు మీద ఒక వరుస పాటించాలి. మలుపు మధ్యలో గడగడలాడితే మొదట టైరు గుండ్రం, తర్వాత బుష్షులు, ఆఖర్న బాడీ స్క్రూలు. మలుపు మొదట్లో గాడి తప్పితే ముందు చక్రాల ఎత్తు, బ్రెయిడ్లు. మలుపులోంచి బయటికొస్తూ ట్రిగ్గర్ నొక్కినప్పుడు గాడి తప్పితే ముందువైపు బరువు చాల్లేదు. పల్టీ కొడితే పట్టు ఎక్కువైంది, టైరు అంచు చూడండి. ఐదు నిమిషాల తర్వాత నెమ్మదించి, చల్లారాక మళ్ళీ బాగుంటే ఇరుసు పట్టేస్తోంది లేదా గేరు బిగుతుగా ఉంది, మోటారును తిట్టుకోవద్దు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు, ఒక్కటి మార్చి పది ల్యాపులు తిప్పండి.

కొనొద్దనేది ఎవరికి? 1960లు, 70ల కార్లే నడిచే క్లబ్బులో ఉన్నవాళ్ళకు. అక్కడ ఎన్‌ఎస్‌ఆర్ పోర్షే 917, థండర్‌స్లాట్ లోలా టి70 లాంటివి కావాలి. 917లో మోటారు అడ్డంగా ఉంటుంది కాబట్టి పైన చెప్పిన మెలిక గొడవ దానికి లేదు, బరువు మాత్రం వెనకే కూర్చుంటుంది. ఇంట్లో చిన్నపిల్లలు అయస్కాంతంతో ఆడుకునే ప్లాస్టిక్ ట్రాకుకైతే ఇంత సున్నితమైన రెక్కలు, అద్దాలు ఉన్న కారు దండగ.

రేసు రోజు పెట్టెలో ఉండాల్సినవి: అలెన్ కీ రెండు, స్క్రూడ్రైవరు, రెండు జతల అరగదీసిన టైర్లు చక్రాలతో సహా, కత్తిరించి సిద్ధం చేసిన బ్రెయిడ్లు, గైడ్, నూనె సూది, టేపు చుట్ట, సీసం ముక్కలు. హీటుకీ హీటుకీ (రేసులో ఒక్కో విడతకీ) మధ్య రెండు నిమిషాలు దొరుకుతాయి: బ్రెయిడ్ల మసి తుడిచి, టైర్లు టేపు మీద తిప్పి, వెనక ఇరుసు మీద చుట్టుకున్న వెంట్రుకలు పట్టకారుతో లాగేయండి. క్రౌన్ స్క్రూను ఒకసారి తాకి చూడండి. ఆ స్క్రూ ఒక్కటే ఈ కారులో చెప్పకుండా వదులయ్యేది.